మంచు మీద గ్లౌజు

ఆర్వో కెట్టునెన్ పగలు నికెల్ గనిలో ఎలక్ట్రీషియన్. చలికాలం సాయంత్రాలు మాత్రం నలుపు తెలుపు చారల చొక్కా తొడుక్కుని ఐస్ హాకీ రింకులో, అంటే మంచు మైదానంలో, లైన్స్‌మన్‌గా దిగేవాడు. గీతలు కాయడం, ఆటగాళ్లు కొట్టుకుంటే విడదీయడం అక్కడ అతని పని. ఆ పనిలో చేరిన కొత్తలో పాతవాళ్లు నేర్పిన మొదటి పాఠం ఒకటుంది: చూడలేదని ఎన్నడూ అనకు. పక్, అదే ఆ రబ్బరు బిళ్ల, గీత దాటిందో లేదో నీకు అనుమానమే అయినా చెయ్యి లేపేదుంటే వెంటనే లేపు, లేకపోతే మానెయ్. ఆలోచిస్తూ నిలబడ్డ లైన్స్‌మన్‌ని ఆటగాళ్లూ నమ్మరు, జనమూ నమ్మరు. తప్పు చెప్పినవాణ్ణి వారంలో మర్చిపోతారు. తెలియదన్నవాణ్ణి చచ్చేదాకా మర్చిపోరు.

ఆర్వో ఆ పాఠం మీదే ముప్పయ్యేళ్లు నెట్టుకొచ్చాడు. జనవరిలో ఆట ముగిశాక పోలీసు ఇన్‌స్పెక్టర్ వచ్చి "మీరేం చూశారు?" అని అడిగినప్పుడు కూడా తడుముకోలేదు.

"హోలోవాటి గ్లౌజు పారేశాడు. నేను చూశాను."

కేసంతా ఆ మాట మీదే నిలబడింది.

జరిగింది ఇది. హార్లో ఫాల్స్ జట్టు సొంత ఊళ్లో పోర్ట్ ఆర్డెన్ జట్టుతో ఆడుతోంది. రెండూ జీతానికి ఆడే జట్లే. హార్లో ఫాల్స్ తరఫున రోజే సావార్డ్ ఉన్నాడు. గోల్స్ కొట్టడానికి కాదు, మనుషుల్ని కొట్టడానికే అతనికి జీతం. అవతలి జట్టులో నెస్టర్ హోలోవాటి ఉన్నాడు. ఇరవై నాలుగేళ్లవాడు, గోల్స్ కొట్టేవాడు, ఎప్పుడూ ఎవరితోనూ కలబడనివాడు. మూలన, రింకుకీ జనానికీ మధ్య అడ్డంగా ఉండే అద్దం దగ్గర, సావార్డ్ తన కర్రతో హోలోవాటి కుడిచేతి మీద కొట్టాడు. అలాంటివి ఆటకి పది పడతాయి. మరుక్షణం హోలోవాటి గ్లౌజు మంచు మీద ఉంది. సావార్డ్ తన రెండు గ్లౌజులూ విదిలించేసి మీద పడ్డాడు.

గ్లౌజు పారేయడమంటే ఆ ఊళ్లో పసిపిల్లలకీ తెలుసు. ఒకడు పారేస్తే "వస్తావా" అన్నట్టు. రెండోవాడూ పారేస్తే "వస్తున్నా" అన్నట్టు. ఆ తర్వాత ఇద్దరిలో ఒకడు కిందపడేదాకా, లేదా ఇద్దరూ అలిసిపోయేదాకా లైన్స్‌మన్లు పక్కన నిలబడతారు. మధ్యలో దూరితే ఒకడి చేతులు పట్టుకోగానే రెండోవాడు వాణ్ణి కొడతాడు, అది ఇంకా ప్రమాదం. పడ్డాక వెళ్లి విడదీస్తారు. ఇద్దరూ అయిదేసి నిమిషాలు బయట కూర్చుంటారు. అంతే. ఆ ఊరి తాతలకాలం నుంచీ పోలీసు ఆ గుమ్మం తొక్కలేదు.

మూడో గుద్దుకి హోలోవాటి పడ్డాడు. తల మంచుకి తగిలింది. సావార్డ్ మీద కూర్చుని ఇంకో రెండు గుద్దాడు. అప్పటికి ఆర్వో వెళ్లి సావార్డ్‌ని లాగేశాడు. హోలోవాటి పుర్రె చిట్లింది. మూడు నెలలైనా కర్ర లేకుండా నడవలేకపోయాడు. సావార్డ్ మీద కేసు పెట్టారు. బట్టలు మార్చుకునే గదిలోకి పోలీసులు రావడం చూసి ఊరు నోరు తెరిచింది.

వాదన ఒక్కటే. హోలోవాటి గ్లౌజు తనే పారేసి ఉంటే అది ఇద్దరూ ఒప్పుకున్న దెబ్బలాట, చట్టానికి అక్కడ పనిలేదు. చెయ్యి నొప్పికి విదిలిస్తే ఊడిపోయి ఉంటే సావార్డ్ ఒక మనిషిని కొట్టినట్టు, జైలుకి వెళ్లాల్సిందే. హోలోవాటి వేలు విరిగింది. అది కర్ర దెబ్బకి విరిగిందో, తనే సావార్డ్ హెల్మెట్‌ని గుద్దితే విరిగిందో డాక్టర్లు తేల్చలేకపోయారు. టీవీ కెమెరా ఆ క్షణంలో పక్ వెంట పోయింది. హోలోవాటికి ఆ ఆటలో ఏదీ గుర్తులేదు. దగ్గర్లో నిలబడి చూసినవాడు ఆర్వో ఒక్కడే.

బోనులో ఆర్వో పోలీసుకి చెప్పిందే చెప్పాడు. సావార్డ్ తరఫు లాయరు లెఫెవర్ తృప్తిగా కూర్చున్నాడు. అప్పుడు జడ్జి కళ్లజోడు తీసింది. ఆవిడ పేరు ఇమోజెన్ ప్రాట్, దక్షిణాన పట్నం నుంచి వచ్చింది. జీవితంలో ఒక్క హాకీ ఆట చూడలేదని మొదటి రోజే చెప్పి ఊరందరినీ నొప్పించింది.

"మిస్టర్ కెట్టునెన్, మీరెక్కడ నిలబడి చూశారు?"

ఆర్వో గోడకి తగిలించిన రింకు పటం మీద వేలుపెట్టి చూపించాడు.

"పటం మీద నాకు అర్థం కావడం లేదు. రేపు అక్కడికే వెళ్దాం," అంది జడ్జి.

ఆ సాయంత్రం కాఫీ షాపులో గార్త్ మక్‌ఫాయిల్ ఆర్వో కోసం కుర్చీ పట్టి ఉంచాడు. గార్త్ కూడా లైన్స్‌మనే. ఆ రాత్రి రింకు అవతలి కొసన ఉన్నాడు.

"రావోయ్ మహానుభావా. సావార్డ్ వాళ్లమ్మ నీ చేతికి ముద్దుపెడతానంటోంది."

"ముందు మా ఇంటావిణ్ణి అడిగి పెట్టమను."

పక్క బల్ల దగ్గర గనివాళ్లు నలుగురు ఇటు తిరిగారు. వాళ్లలో ఒకడు గొంతెత్తాడు.

"ఆ జడ్జమ్మని రింకులో పెట్టి తాళం వెయ్యాలయ్యా. రెండ్రోజుల్లో హాకీ అంటే ఏంటో తెలిసొస్తుంది."

"రెండ్రోజులెందుకురా, మగాళ్ల బాత్రూం పక్కన సీటిస్తే చాలు, పది నిమిషాల్లో తీర్పు చెప్పి పారిపోతుంది."

అందరూ నవ్వారు. ఆర్వో కూడా నవ్వాడు. నవ్వులు తగ్గాక గార్త్ ముందుకి వంగాడు.

"రేపు అక్కడ ఎలా తిప్పి అడిగినా ఇవాళ చెప్పిందే చెప్పు. 'అంత గట్టిగా గుర్తులేదు' లాంటి మాట నోట్లోంచి జారిందో, నీ పని అయిపోయినట్టే. ప్రతి ఆటలో ప్రతి గీత దగ్గరా అడుగుతారు, 'ఏం తాతా, ఇదైనా కనపడిందా' అని."

"గుర్తులేకపోవడమేంట్రా? చూశాను కాబట్టే చెప్పాను."

"అదీ మాట."

ఆర్వోకి నిజంగానే గుర్తుంది. కళ్లు మూసుకుంటే హోలోవాటి మోచెయ్యి పైకి లేవడం, గ్లౌజు చేతిని వదలడం కనపడుతున్నాయి. గ్లౌజు అంచున తెల్ల కుట్లు కూడా కనపడుతున్నాయి.

మర్నాడు పొద్దున కోర్టు రింకులోకి వచ్చింది. రింకు మనిషి బండితో అప్పుడే మంచు నున్న చేసి వెళ్లాడు. తలుపు దగ్గర్నుంచి మూల దాకా రబ్బరు చాప పరిచారు. జడ్జి గౌను మీద ఎవరిదో దళసరి కోటు తొడుక్కుంది. సావార్డ్ తన లాయరుతో సొంత జట్టు బెంచీ మీదే కూర్చున్నాడు. సూటులో ఆ బెంచీ మీద కూర్చోవడం అతనికి చేతకాలేదు, మోకాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కదులుతున్నాడు. హోలోవాటీ, వాళ్లమ్మా ఎదురు మెట్ల మీద ఉన్నారు. మిగతా మెట్లన్నీ ఖాళీ.

ఆర్వో అడుగున ఇనప అంచుండే తన స్కేట్లు తెచ్చుకున్నాడు.

"అవెందుకు?" అంది జడ్జి.

"స్కేట్లు వేసుకుంటే కళ్లు కొంచెం పైకొస్తాయి, యువర్ ఆనర్. ఆ రోజు ఎంత ఎత్తునుంచి చూశానో అంత ఎత్తునుంచే చూస్తాను."

జడ్జి తలూపింది. ఆర్వో నాలుగు అంగల్లో నీలం గీత దగ్గరికి వెళ్లి ఆగాడు. ఎక్కడ ఆగాలో ఆలోచించే పనిలేకపోయింది. ఆ చోటు కాళ్లకి తెలుసు.

హోలోవాటి స్థానంలో నిలబడమని ఒక కానిస్టేబుల్‌ని పంపారు. చాప దాటగానే అతని బూట్లు చెరోవైపు పోయాయి.

"ఎవరైనా పట్టుకోండయ్యా, నేను పడితే ఇంకో కేసవుతుంది."

గుమాస్తా నవ్వాపుకుంది. అప్పుడు మెట్ల మీంచి హోలోవాటి లేచాడు.

"ఆయన నాకన్నా జానెడు పొడుగున్నారు. నేనే నిలబడతాను."

"నెస్టర్, నీకెందుకురా," అని వాళ్లమ్మ చెయ్యి పట్టుకుంది.

"నిలబడ్డమేగా అమ్మా."

కర్ర ఊనుకుంటూ చాప మీద మెల్లగా వస్తున్నాడు. చాప చివరికి వచ్చేసరికి బెంచీ మీంచి సావార్డ్ గొంతు వినపడింది.

"అక్కడ ఇప్పుడే నీళ్లు పట్టారు. జారుతుంది, చెప్పండి వాడికి."

లెఫెవర్ అతని మోచెయ్యి నొక్కాడు. జడ్జి ఇటు తిరిగింది.

"మిస్టర్ సావార్డ్, మీరు మాట్లాడకూడదు."

"మాట్లాడనండీ. జారుతుందన్నానంతే."

జడ్జి అతన్ని కాసేపు చూసింది. తర్వాత రింకు మనిషి వైపు తిరిగి, "అక్కడ దాకా చాప వెయ్యండి," అంది.

హోలోవాటి మూలకి చేరాడు. ఆ రోజు పక్ మూలలోంచి పోయేదాకా అతను కెమెరాలో ఉన్నాడు కాబట్టి ఎక్కడున్నాడన్న దాని మీద తగువు లేదు. అద్దం వైపు తిరిగి నిలబడ్డాడు. కుడిచేతికి గ్లౌజు తొడుక్కున్నాడు. ఆర్వోకి అతని వీపు కనపడుతోంది. చెయ్యి ఒంటికి అవతల ఉంది.

జడ్జి హోలోవాటి దగ్గరికి వెళ్లి చెవి దగ్గర ఏదో చెప్పి వెనక్కొచ్చింది.

"మిస్టర్ కెట్టునెన్, ఆయన గ్లౌజు రెండుసార్లు వదులుతారు. ఒకసారి కావాలని పారేస్తారు, ఒకసారి నొప్పికి విదిలించినట్టు విదిలిస్తారు. ఏది ఏదో మీరు చెప్పాలి."

లెఫెవర్ లేచాడు. "యువర్ ఆనర్, ఇది సాక్ష్యం కాదు. పరీక్ష."

"ఆయన చూశానన్నది అక్కణ్ణుంచి చూడగలిగేదేనా అని తెలుసుకుంటున్నాను. కూర్చోండి."

హోలోవాటి భుజం కదిలింది. అతని తుంటి పక్కన, మంచు మీద, గ్లౌజు కనపడింది. కానిస్టేబుల్ పాక్కుంటూ వెళ్లినంత పని చేసి దాన్ని తీసిచ్చాడు. మళ్లీ భుజం కదిలింది. మళ్లీ అదే చోట గ్లౌజు కనపడింది.

రెండుసార్లూ ఒక్కలాగే ఉంది.

ఆర్వో కుడిచెయ్యి దానంతటది కొద్దిగా లేచింది. ముప్పయ్యేళ్ల అలవాటు. "మొదటిది పారేసింది" అన్న మాట నాలిక చివర సిద్ధంగా ఉంది. ఒప్పయితే ఒప్పవుతుంది. తప్పయితే, ఆ రోజు నేనింకో అడుగు ఎడమకి ఉన్నాను అంటే సరిపోతుంది. అతని స్కేట్ల గుర్తులు ఆ రాత్రే బండి కింద చెరిగిపోయాయి. కాదనడానికి మనిషి లేడు. బెంచీ మీంచి లెఫెవర్ చూస్తున్నాడు. సావార్డ్ మాత్రం చూడటం లేదు, తల దించుకుని ఉన్నాడు.

కానీ ఆర్వోని ఆపింది అదేదీ కాదు. గ్లౌజు పడ్డప్పుడు ఏదో తక్కువైంది. ఆ రోజు ఉన్నదేదో ఇవాళ లేదు. రెండోసారి పడ్డప్పుడూ లేదు. అతను తల తిప్పి మెట్ల వైపు చూశాడు. వరస మీద వరస, పైకప్పు దాకా ఖాళీ చెక్కబల్లలు.

ఏం తక్కువైందో అప్పుడు తెలిసింది.

ఆ రాత్రి అక్కడ మూడు వేల మంది ఉన్నారు. దెబ్బలాట మొదలైందని మూల అద్దానికి అవతల కూర్చున్నవాళ్లు ముందు లేచారు. వాళ్లని చూసి వెనకవాళ్లు, వాళ్లని చూసి పక్కవాళ్లు. మూడు వేల మంది ఒక్కసారి లేస్తే ఆ చెక్క మెట్లు ఉరుముతాయి. ఆ చప్పుడు చెవిలోంచి రాదు, స్కేట్ల కింది మంచులోంచి మోకాళ్లలోకి వస్తుంది. అది ముందు వచ్చింది. ఆ తర్వాతే అతను మూల వైపు తల తిప్పాడు. తిప్పేసరికి గ్లౌజు కింద ఉంది. మోచెయ్యి లేవడం, గ్లౌజు చేతిని వదలడం, తెల్ల కుట్లు, ఇవన్నీ తర్వాత తన బుర్ర గీసుకున్న బొమ్మలు. ఆ కుట్లు వేరే ఏ ఆటలోవో, వేరే ఎవడి గ్లౌజువో.

ఆర్వోకి భయం వెయ్యలేదు. చిన్నప్పుడు నాన్న మొదటిసారి గనిలోకి తీసుకెళ్లి, దీపం పైకెత్తి, నెత్తిమీద కొండ ఎంతుందో చూపించినప్పుడు ఎలా నిలబడిపోయాడో అలా నిలబడిపోయాడు. ఇన్నేళ్లూ ఎంత పెద్దదాని కింద పనిచేశాడో ఇప్పుడు తెలిసింది. ఒక మనిషి "సరే" అన్నాడో లేదో ఎవరికీ తెలియదు. అతని బదులు మూడు వేల మంది "సరే" అన్నారు. తను విన్నాడు, విని పక్కకి తప్పుకున్నాడు. అలా తప్పుకోవడమే తన పని అనుకున్నాడు.

"మిస్టర్ కెట్టునెన్?" అంది జడ్జి.

"చెప్పలేను."

"గట్టిగా చెప్పండి, గుమాస్తా రాసుకోవాలి."

"ఏది ఏదో చెప్పలేను, యువర్ ఆనర్. ఇక్కణ్ణుంచి చెయ్యి కనపడదు. ఆ రోజు కూడా కనపడలేదు. నేను చూడలేదు."

లెఫెవర్ మళ్లీ లేచాడు. "మిస్టర్ కెట్టునెన్, నిన్న మీరు ప్రమాణం చేసి చెప్పారు."

"చెప్పాను. చూశాననే అనుకున్నాను. నేను చూసింది కింద పడున్న గ్లౌజు. అంతకుముందు జనం లేవడం విన్నాను. విని, వాడు పారేశాడనుకున్నాను. పారేశాడనుకున్నాక పారేస్తున్నట్టు చూశాననుకున్నాను."

"జనం లేవకపోయుంటే మీరేం చేసేవారు?" అంది జడ్జి.

అబద్ధం చెప్పే అవకాశం ఇంకొకటి వచ్చింది. ఆర్వో దాన్ని కూడా పోనిచ్చాడు.

"మధ్యలోకి వెళ్లేవాణ్ణి. నాలుగంగల దూరం. సావార్డ్ కన్నా ముందే వెళ్లేవాణ్ణేమో."

జడ్జి ప్రభుత్వ లాయరు వైపు తిరిగింది.

"ఆ అద్దం వెనక కూర్చున్నవాళ్లెవరూ సాక్ష్యానికి రాలేదా?"

"అందర్నీ అడిగించాం, యువర్ ఆనర్. ఆ క్షణంలో పక్‌నే చూస్తున్నామన్నారు, ఒక్కరు కూడా తప్పకుండా."

రింకు బయట గార్త్ కారుకి ఆనుకుని ఉన్నాడు. లోపల జరిగింది అప్పటికే అతని దాకా వచ్చేసింది.

"చూడలేదన్నావటగా."

"అన్నాను."

"ఇంక నీ చెయ్యి ఎవడు నమ్ముతాడ్రా?"

"ఏమో. నేనే నమ్ముతానో లేదో చూసుకోవాలి."

గార్త్ కారు తలుపు తీసి, "ఎక్కు, చలిగా ఉంది," అన్నాడు.

తీర్పు శుక్రవారం చెప్పారు. కోర్టు గదిలో చోటు చాలక జనం గోడల వెంట నిలబడ్డారు. జడ్జి గొంతు పెంచకుండా చదివింది. ఈ ఆటలో దెబ్బలుంటాయని తెలిసే ఆటగాడు మంచు మీదికి దిగుతాడు, ఆ దెబ్బల జోలికి ఈ కోర్టు పోదు. మూలన గ్లౌజు ఎందుకు పడిందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. ముప్పయ్యేళ్ల అనుభవమున్న లైన్స్‌మన్ పొరబడ్డ చోట సావార్డ్ కూడా పొరబడి ఉండవచ్చు. కాబట్టి హోలోవాటి పడేదాకా తగిలిన దెబ్బలకి సావార్డ్‌ని నేరస్థుడనలేను. జనం కేకలు ఒక మనిషి ఒప్పుకోలు కావు, అయినా ఒక మనిషిని తప్పుదారి పట్టించగలవు.

లెఫెవర్ ఊపిరి వదిలాడు. జడ్జి కాగితం తిప్పింది.

తల మంచుకి తగిలాక హోలోవాటి చేతులు రెండూ తెరుచుకుని నేలమీద ఉన్నాయి. కెమెరా అప్పటికి వెనక్కొచ్చింది, అది అందరం చూశాం. అలా పడున్న మనిషి "రా" అంటున్నాడని ఎవరూ, ఎంత కేకల్లోనూ, పొరబడలేరు. ఆట అక్కడ ఆగింది. తర్వాతి రెండు దెబ్బలూ ఆటలోవి కావు. వాటికి సావార్డ్ దోషి.

గోడల వెంట ఉన్నవాళ్లు గొణిగారు, కానీ కేక వెయ్యలేదు. సావార్డ్ తలెత్తి జడ్జిని చూసి, ఒకసారి తలూపాడు. రిఫరీ బయటికి పొమ్మన్నప్పుడు ఊపేవాడే, అలాగే.

ఆర్వో వెనక బల్ల మీద కూర్చుని విన్నాడు. అతను కాసిన గీతలన్నీ మంచు కింద రంగుతో గీసినవి, గుడ్డివాడికి తప్ప అందరికీ కనపడేవి. హాకీ తెలియని ఈవిడ మూడో గుద్దుకీ నాలుగో గుద్దుకీ మధ్య, రంగు లేని చోట, ఒక గీత పెట్టింది. పెట్టాక చూస్తే అది మొదట్నుంచీ అక్కడే ఉంది. ఆ రాత్రి తను సరిగ్గా ఆ చోట కదిలాడు. మెదడు చెప్పలేదు, కాళ్లే కదిలాయి. తెలిసే కదిలాయి. కాకపోతే, నాలుగంగల దూరం దాటేలోపు రెండు దెబ్బలు పడిపోయాయి.

బయట వసారాలో హోలోవాటి కర్ర మీద ఆనుకుని నిలబడి ఉన్నాడు. వాళ్లమ్మ కారు తేవడానికి వెళ్లింది. ఆర్వో టోపీ చేతిలోకి తీసుకున్నాడు. పక్కనుంచి వెళ్లిపోదామనుకున్నాడు.

"మిస్టర్ కెట్టునెన్," అన్నాడు హోలోవాటి. "ఒకటి అడగనా?"

"అడుగు బాబూ."

"నాకేం గుర్తులేదు. బస్సులో వస్తూ తోటివాడి సాండ్‌విచ్ లాక్కుని తిన్నాను, అక్కడిదాకా ఉంది. తర్వాత ఆసుపత్రి. అమ్మేమో నేను పారేయలేదంటుంది. మా జట్టువాళ్లు పారేశానంటారు, గొప్పగా చెప్తారు మళ్లీ. 'మన నెస్టర్ సావార్డ్‌కే గ్లౌజు పారేశాడ్రా' అని." నవ్వాడు. "పారేశానా?"

ఆ రెండు జవాబుల్లో ఏది చెప్పినా కుర్రవాడు పట్టుకుని బతికేస్తాడని ఆర్వోకి తెలుసు. లైన్స్‌మన్ మాట కదా.

"తెలీదు బాబూ," అన్నాడు.

హోలోవాటి మెల్లగా తలాడించాడు.

"సరే. నేనొక్కణ్ణే తెలీనివాణ్ణనుకున్నా ఇన్నాళ్లూ."

మెట్ల కింద కారు వచ్చి ఆగింది. వాళ్లమ్మ హారన్ కొట్టలేదు. హోలోవాటి కదల్లేదు.

"జనం నిజంగా అంత గట్టిగా లేచారా?"

"లేచారు."

"బయటి జట్టువాణ్ణి. నా కోసం ఏ ఊళ్లోనూ ఎవరూ లేవలేదు ఎప్పుడూ. అది కూడా గుర్తులేదు చూడండి." కర్ర రెండో చేతిలోకి మార్చుకున్నాడు. "ఎలా ఉందో చెప్తారా?"

ఆర్వో చెప్పాడు. ఎంత విన్నాడో, ఎంత చూశాడో, ఎక్కడ రెండూ కలిసిపోయి తనకే తెలియకుండా పోయిందో, వేరువేరుగా, మొదట్నుంచి చెప్పాడు.